చిలుకముక్కు గుడ్ల ఖరీదు

గంపలోంచి కంపు రావడం మొదలై రెండు రోజులైంది. అయినా కోడిపెట్ట లేవలేదు. గురవమ్మ చెయ్యి పెట్టబోతే ఒక్క పొడుపు పొడిచి, ఈకలు విప్పార్చి, మళ్లీ ఆ మురిగిన గుడ్ల మీదే సర్దుకుని కూర్చుంది. పిల్లలు కావలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది. మేతకు లేవడం కూడా మానేసిన ఆ పిచ్చిదాని రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది. గురవమ్మకు ఏడుపు రావాలి. రాలేదు. ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి. అది పుట్టింటి కోడి. పెద్దకూతురు పుట్టినప్పుడు తల్లి గంపలో పెట్టి పంపిన పడుచు పెట్ట సంతానం. చిన్న ఎముక, బూడిద రంగు, ఆకాశంలో గద్ద కనపడితే చాలు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కునే జాతి. ముప్పై ఏళ్లుగా ఆ దొడ్లో తిరిగినవన్నీ దాని పిల్లలూ, పిల్లల పిల్లలూ. మొన్న చలికాలంలో కోళ్లకు కొక్కెర తెగులు వచ్చి వీధి వీధంతా ఊడ్చుకుపోయింది. గురవమ్మ దొడ్లో ఒక పెట్ట, ఒక పుంజు మిగిలాయి. వాటిని వంటింట్లో పెట్టుకుని, గొంతులో చుక్క చుక్క నీళ్లు పోసి బతికించింది. ఆ రెండూ పిల్లలు చేస్తే జాతి నిలుస్తుంది, లేకపోతే అక్కడితో సరి.

ఈ సంగతి మొగుడు చెంచయ్యకు తెలియక కాదు. ముప్పై ఏళ్లుగా ఆ గుడ్లు తిన్న మనిషే. కాకపోతే తిండికీ తెలివికీ సంబంధం లేదు. నిరుటి మిరపకు రేటు రాక కాయ తొక్కిన గోనె టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పడి ఉన్నాయి, పత్తిని గులాబీ పురుగు తినేసింది. చెయ్యడానికి పని లేక ఆయన అరుగు మీద కూర్చుని ఫోను చూడటం నేర్చాడు. అందులో వేటపాలెం కుర్రాడు బాలు కనిపించాడు. జీడితోటలో ఫారం, చిలుకలాంటి ముక్కు, నేలకు జీరాడే తోక ఉన్న పుంజులు. గుడ్డు ఏడువందలు. పిల్లను చేసి పెంచి అమ్మితే లక్షలంట. చెంచయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చేతిలో అంత డబ్బు లేదు. వీడియో కాల్లో బేరమాడుతుంటే, వెనక దొడ్లో తిరుగుతున్న బూడిద పుంజు ఆ కుర్రాడి కంట పడింది. అదిస్తే డజను గుడ్లకు సగం తగ్గిస్తానన్నాడు. గురవమ్మ మిరప కోతలకు పోయిన రోజు ఒక మనిషి బండి మీద వచ్చి పుంజును సంచిలో వేసుకుపోయాడు.

సాయంత్రం ఆమె దొడ్డంతా వెతుకుతుంటే చెంచయ్య అరుగు దిగకుండానే చెప్పాడు.

"ఎందుకే అట్టా తిరుగుతావు? దాన్ని మంచి రేటుకే ఇచ్చా. పుంజంటే ఏముందే, ఊళ్లో దొరకవా?"

ఆమె నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. రెండు రోజులు అన్నం పెట్టలేదు. తర్వాత ఒక్క ఆశ పట్టుకుంది. పుంజు పోయినా పెట్ట ఇంకా దాని గుడ్లే పెడుతోంది. కొన్నాళ్ల దాకా ఆ గుడ్లు పిల్లలవుతాయి. వాటిని పొదిగిస్తే చాలు. బియ్యం డబ్బాలో ఒక్కొక్కటే దాచింది.

ఈలోగా బస్సు పార్శిల్లో చిలుకముక్కు గుడ్లు దిగాయి. ఊకలో సర్దిన తెల్లటి పెట్టె. పెట్ట ఇంకా పొదుగుకు రాలేదు, బయట ఎండ మాడుస్తోంది. చెంచయ్యకు గొప్ప ఆలోచన వచ్చింది. పెట్టె తీసుకుపోయి కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఏసుబాబును బతిమాలి, తన మిరప టిక్కీల మధ్య పెట్టి వచ్చాడు. మిరపకాయ రెండేళ్లు రంగు చెడకుండా ఉంటుంది, గుడ్డు పది రోజులుండదా? మిరప పండే ఈ జిల్లాలో పుట్టిన రైతుకు తప్ప ఇంకెవరికీ రాదు ఇటువంటి తెలివి.

పెట్ట పొదుగుకు వచ్చింది. గురవమ్మ గంపలో గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనప మేకు, రెండు ఎండుమిరపకాయలు వేసి, తన గుడ్లు పెట్టి కూర్చోబెట్టింది. మూడో రోజు పొలం నుంచి వచ్చేసరికి పెట్ట కింద వేరే గుడ్లు ఉన్నాయి. ముట్టుకుంటే పెట్ట వేడికి పైన కాస్త వెచ్చబడినా లోపల చల్లదనం తెలుస్తోంది. మిరప ఘాటు, కోల్డ్ స్టోరేజీ వాసన.

"నా గుడ్లేయి?"

"మన వీధి అంకమ్మరావు వాళ్లూ వచ్చారు. వాటితో అట్లేసుకున్నాం." చెంచయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఉన్నది ఒక్క పెట్ట. ఏడొందల గుడ్డును ఎవరి కింద పెట్టమంటావు, నీ కిందా?"

ఆమె ఆ రోజు తిట్టలేదు. తిట్టడానికి మాటలు చాలవని తెలిసింది.

ఇప్పుడు ఒక్కోటి ఏడువందలు చేసే ఆ గుడ్లు గంపలో కుళ్లి పేలుతున్నాయి. చెంచయ్య ఆ కుర్రాణ్ణి వదిలిపెట్టేది లేదంటూ తెల్లారి నుంచి వీధిలో అరుస్తున్నాడు. పిల్లలు కాని మొద్దు గుడ్లు అంటగట్టాడంట, డబ్బు కక్కిస్తాడంట. ఫోను పట్టుకుని లోపలికొచ్చాడు.

"గుడ్లు ఎక్కడ పెట్టారో ఇంట్లో ఆడవాళ్లను అడుగుతానంటన్నాడు. బియ్యంలో పెట్టామని చెప్పు. ఇంకోమాట మాట్టాడమాక."

గురవమ్మ ఫోను తీసుకుంది. తెర మీద పాతికేళ్ల కుర్రాడు, వెనక జీడిచెట్లు.

"నమస్తే పిన్నిగారూ. నేను పంపిన గుడ్లు మిగతా చోట్ల అన్నీ పిల్లలయినాయండి. మీరొక్కరే కాలేదంటన్నారు. ఎక్కడ పెట్టారండి?"

"కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు నాయనా. మిరప టిక్కీల మధ్య. పది రోజులు."

చెంచయ్య ఫోను లాక్కోబోతే ఆమె పక్కకు జరిగింది. "ఆ చలికి గుడ్డు బతకదండి," అన్నాడు అవతల కుర్రాడు.

"నీ తప్పేం లేదు," అంది గురవమ్మ. "నీ డబ్బు మాకొద్దు. నా పుంజు ఎట్టా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండి. ఇట్టాంటి పాత నాటు జాతి ఇప్పుడెక్కడా దొరకట్లేదు. దాన్ని మా పెట్టలతో కలిపి తీసిన గుడ్లకు అప్పుడే బుకింగులు వచ్చినాయి. గుడ్డు వెయ్యి. మీకు కావాలంటే ఎనిమిదొందలకిస్తాను."

నా కోడి గుడ్డును నాకే అమ్ముతాడు, అదీ తగ్గించి. కానీ గురవమ్మకు కోపం వచ్చింది ఆ కుర్రాడి మీద కాదు. పక్కన చెంచయ్య కళ్లు చూసింది. వెయ్యి అన్న మాట వినగానే ఆ కళ్లు గంపలోని పెట్ట వైపు తిరిగాయి. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన ఆ జాతి కోడిని మర్యాదగా చూస్తున్నాడు.

"అబ్బాయ్," అంది ఫోనులోకి, "పెట్టను తీసుకుని వత్తన్నా. తేరుకుని మళ్లీ గుడ్లకొచ్చేదాకా నా పుంజు దగ్గరే ఉంటది. గుడ్లు నావి."

"అట్టా కుదరదండి. బయట కోళ్లను ఫారంలోకి రానివ్వమండి, తెగుళ్లు..."

"మా దొడ్డి పుంజును రానిచ్చావుగా. అదే దొడ్డి పెట్టను రానివ్వవా?"

అవతల జీడిచెట్లలో ఏదో పుంజు కూసింది. కుర్రాడు నెమ్మదిగా, "రండి పిన్నిగారూ. పక్కన విడిగా గూడు కడతాను," అన్నాడు.

ఆమె మురిగిన గుడ్లు తీసి పెంట మీద పారేసి, పెట్టను గంపలో సర్ది, పాత చీరముక్క కట్టింది. అది ఈసారి పొడవలేదు, ఓపిక లేక. గంప చంకన పెట్టుకుని వేటపాలెం పోయే చీరాల బస్సు కోసం గుమ్మం దిగింది.

"ఒసేయ్, ఆగు. ఒక్క నిమిషం," చెంచయ్య వెనకే పరిగెత్తుకొచ్చాడు. చేతిలో ఫోను, ఫోను కెమెరా గంప వైపు. "ఆ గుడ్డ తియ్యి. ఒక్క వీడియో తీసి పెడదాం. మన దగ్గర కూడా ఉందని నలుగురికీ తెలవాలి. బుకింగులు..."

గురవమ్మ గంప కింద పెట్టింది. ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది. రెండడుగుల్లో గేదె కుడితి తొట్టి. అందులో పడేసింది. బుడగలు వచ్చాయి.

"దీన్ని కూడా తీసుకుపోయి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకో," అంది. "చెడిపోదు."

చెంచయ్య చొక్కా చేతులు కూడా మడవకుండా కుడితిలో భుజం దాకా చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. ఆమె గంప ఎత్తుకుని రోడ్డెక్కింది.