వేలి మందం వాలు

అక్క గదిలో నేల కుంగిపోయింది. దీన్ని ఇంకాస్త అందంగా చెప్పొచ్చు గానీ, ఆ నేల మీద నడిచేవాళ్ళకి అందంతో పనేముంది? ఇల్లు కట్టినప్పుడు అడుగున మట్టిని గట్టిగా దట్టించలేదు. పక్కనే భూమిలో పోయే నీళ్ళ గొట్టం పగిలింది. ఏళ్ళ తరబడి ఆ నీరు మట్టిని పిడికెడు పిడికెడుగా మోసుకుపోయింది. పైన కాంక్రీటు పలక మిగిలింది, కింద బోలు మిగిలింది. ఒక వానాకాలంలో పలక కిటికీ మూలకి ఒరిగింది. విధీ కాదు, ఖర్మా కాదు. పని ఎగ్గొట్టిన మనుషుల నిర్వాకం.

అక్కకి చూపు లేదు. పెద్దయ్యాక పోయింది, పోయాకే ఈ కింది అంతస్తు గదిలోకి వచ్చింది. అందుకని ఆ గదిని ఎన్నడూ కళ్ళతో చూడలేదు. పేము కుర్చీలు అల్లుతుంది. ఆ అద్దె ఇళ్ళ బ్లాకులో అందరికీ పేమక్క. తెగిన కుర్చీలు వస్తుంటాయి, అల్లినవి పోతుంటాయి. గోడల వెంట ఎప్పుడూ ఒకదానిమీద ఒకటి కుర్చీలే. ఇవాళ చేతికి తగిలింది రేపు అక్కడ ఉండదు. గోడ పట్టుకుని నడుద్దామంటే గోడే దొరకదు. ఆ గదిలో ఎటూ పోకుండా ఉండేవి రెండే. ఒకటి వాలు. తలుపు దగ్గర ఎత్తు, కిటికీ మూల పల్లం, పల్లంలో పొయ్యి. రెండోది చుక్క. పొయ్యి పక్క గోడలో పగులు, అందులోంచి కారే నీటి చుక్క, దాని కింద గిన్నె. టప్ అంటుంది. ఆగుతుంది. మళ్ళీ టప్ అంటుంది. మధ్యాహ్నాలు ఆ చుక్క వింటూ పేము అల్లుతుంటే, గది మొత్తం నీటి అడుగున ఉన్నట్టూ, తను ఏ గట్టూ అక్కర్లేని చేపయినట్టూ అనిపించేది అక్కకి.

ఈ రెంటినీ పట్టుకునే తిరుగుతున్నానని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆమెకే తెలియదు. ఊపిరి ఎలా తీస్తున్నావని అడిగితే ఎవరు మాత్రం చెప్పగలరు?

అలా ఉండగా అల్మారా పడింది. ఒరిగి ఒరిగి, ఒక పొద్దున అక్క పక్కనే ధబీమని కూలింది. సరిగ్గా జానెడు దూరం. తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

తమ్ముడి పని పగుళ్ళూ కుంగుళ్ళే. కారే గోడల్లోకి మందు ఎక్కిస్తాడు, కుంగిన నేలల కింద నురగ పోసి పైకి లేపుతాడు. నురగ చిమ్మే గన్ అతని చేతిలో, పంపు అతని భార్య చేతిలో. ఊరందరి నేలలూ లేపుతున్నవాడు సొంత అక్క నేల మీద చెయ్యి వెయ్యకపోవడానికి కారణం ఉంది. బ్లాకు ఆఫీసు ఒప్పుకోదు. వాళ్ళ కట్టడం, వాళ్ళ గొట్టం, వాళ్ళ అనుమతి. కూలితే మాత్రం మన నెత్తి.

"మా ఇంటికి వచ్చెయ్యక్కా. నీ మరదలు గది కూడా సర్ది పెట్టింది" అన్నాడు తమ్ముడు.

"గది నాకుందిరా. దానికి నేలే లేదు. నేల సంగతి నీ పనేగా?"

"ఆఫీసు ఒప్పుకోవాలిగా?"

"నేనొప్పిస్తాగా."

మర్నాటి నుంచి అక్క ఆఫీసు వరండాలో బైఠాయించింది. తెగిన కుర్చీ ఒకటి ముందు పెట్టుకుని అల్లకం మొదలెట్టింది. తడి పేము ముక్కలు వచ్చేపోయే వాళ్ళ బూట్లకి చుట్టుకునేవి. "చూసుకుని నడవండి బాబూ, నాకంటే కళ్ళు లేవు, మీకేమైంది?" అనేది. ఆమె వెనక ఒకరూ ఇద్దరూ చేరారు. తర్వాత వరండా నిండింది. ఇన్నాళ్ళ దరఖాస్తులతో కాని పని పేము తుక్కుతో అయింది. పగిలిన గొట్టం తామే మార్చి, నేల బాగుచెయ్యడానికి ఒప్పుకున్నారు. పని సవ్యంగా జరిగిందో లేదో అద్దెవాళ్ళ తరఫున గోళీ పెద్దాయన చూసి చెప్పాలన్నారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక గాజు గోళీ ఉంటుంది. ఏ గదిలో నేల మీదైనా దాన్ని వదిలి, దొర్లితే తిడతాడు, నిలిస్తే నవ్వుతాడు.

పని మొదలయ్యే ముందు తమ్ముడు మాట తీసుకున్నాడు. "నేల లేపుతాను. ఆ తర్వాత కూడా నువ్వు ఈ గదిలో ఎక్కడైనా తడబడ్డావంటే?"

"తడబడితే నోరెత్తకుండా నీ వెనకాలే వస్తాను. తడబడకపోతే, రమ్మనే మాట నువ్వు ఈ జన్మలో ఎత్తకూడదు. సరేనా?"

"సరే."

ముందు గోడ సంగతి చూశారు. తమ్ముడు పగులుకి అటొకటి ఇటొకటిగా ఏటవాలు రంధ్రాలు తొలిచి, వాటిలో ఇత్తడి ముక్కులు బిగించాడు. మందు ఆ ముక్కుల్లోంచి ఎక్కుతుంది. ఎక్కించే ముందు మాత్రం చెంబుతో నీళ్ళు తెచ్చి పగులులోకి పోశాడు. ఆ చప్పుడు విని అక్క నవ్వింది.

"కారకుండా చెయ్యమంటే నీళ్ళు పోస్తావేంట్రా?"

"వానలు లేక పై భాగం ఎండిపోయిందక్కా. ఈ మందుకి తడి తగిలితేనే పొంగుతుంది. పొడి పగులులో పోస్తే ఊరికే జారిపోతుంది."

"అచ్చం నీలాగే. గిల్లేవాళ్ళు లేకపోతే కదలదు."

"గిల్లడానికే కదా వదినా నేనున్నది!" పంపు దగ్గర్నుంచి అరిచింది మరదలు.

గోడలో ఏదో బుసబుస పొంగింది. పగులు పొడవునా బుడగలు వచ్చాయి, ఆగాయి. గిన్నెలో టప్ మంది. ఇంకోసారి టప్ మనడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఇక అనలేదు. తమ్ముడు గిన్నె తీసి బయట పెట్టాడు. అక్క తల పక్కకి వంచి, వింటున్న ముఖంతో కూచుండిపోయింది. వినడానికి అక్కడేమీ లేదు.

తర్వాత నేల. కుర్చీలూ సామానూ వరండాలోకి చేర్చారు. ఘాటు వాసన, లోపలికి రావద్దన్నారు. అక్క వరండాలో గడప పక్కనే కుర్చీ వేసుకుని, చెప్పులు విప్పి కూచుంది. తమ్ముడు నేల పొడవునా వేలు పట్టేంత రంధ్రాలు తొలిచాడు. తొలుస్తూ ఒకచోట ఆగాడు. తలుపు నుంచి పొయ్యి దాకా సిమెంటు అరిగి నున్నగా మెరుస్తోంది. కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నటి దారి. ఒకే మనిషి పాదాలు అరగదీసిన దారి. దాని మీద కూడా తొలిచాడు. పని పనేగా.

బయట బండిలో పంపు గురగుర మొదలైంది. కిటికీలోంచి లోపలికి రెండు గొట్టాలు, ఒక్కోదానిలో ఒక్కో మందు. విడివిడిగా ఉన్నంతసేపూ రెండూ నూనెల్లా నోరు మూసుకుని ఉంటాయి. గన్ మూతిలో కలిశాయంటే మాత్రం నురగై పొంగుతాయి, ఆ పొంగు చూస్తుండగానే గట్టిపడుతుంది. చిటికెడు పోస్తాడు, ఆగుతాడు, మట్టం కోసం గోడకీ గోడకీ కట్టిన దారం వైపు చూస్తాడు, మళ్ళీ చిటికెడు పోస్తాడు.

నేల ఒళ్ళు విరుచుకుంది. నిద్రలో ఒత్తిగిలిన పెద్ద జంతువులా ఒక మూలుగు మూలిగింది. గడప మీద ఆనించిన పాదాల్లోకి ఆ మూలుగు పాకి వచ్చింది అక్కకి. ఆమె కళ్ళ వెనక ఎప్పుడూ ఉండే బూడిద రంగు నెమ్మదిగా తెల్లబడింది. నీళ్ళు ఇన్నేళ్ళూ తిరిగిన చీకటి దారుల్లోకి ఇప్పుడు మబ్బులు దూరుతున్నాయి. దూరి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, గదిని భుజాల మీదికి ఎత్తుకుంటున్నాయి. గది పడవైంది. కిటికీ లేచింది, పొయ్యి లేచింది. ఏదో ఒడ్డు విడిచి పోతున్నట్టుంది. ఏ ఒడ్డో ఎందుకో తెలియలేదు. కానీ గుండెలో ఎక్కడో చిన్న భయం, చెయ్యి ఊపడం మర్చిపోయినట్టు.

"ఆపు!" అన్నాడు తమ్ముడు. పంపు ఆగింది.

వాసన పోయాక గోళీ పెద్దాయన వచ్చి, నేల నడిమధ్య గోళీ వదిలాడు. అది కదల్లేదు. ఇటు తోశాడు, కొంచెం పోయి నిలిచింది. అటు తోశాడు, నిలిచింది. "నా ఇంట్లో పళ్ళెం కూడా ఇంత మట్టంగా ఉండదయ్యా!" అన్నాడు. బ్లాకులో అంత మట్టమైన నేల ఇంకొకటి లేదు. తమ్ముడికి ఛాతీ పొంగింది. సొంత అక్క గది కదా, ఒక్క వెంట్రుక వాసి తేడా లేకుండా లేపాడు.

సామాను లోపలికి చేర్చారు. "కూచోండి, టీ పెడతాను" అంది అక్క. తలుపులోంచి అడుగు వేసింది.

నేల ఏమీ చెప్పలేదు.

రెండో అడుగు వేసింది. పాదం కింద వెచ్చగా ఉంది, అంతే. ఎటూ పిలవలేదు, ఎటూ తొయ్యలేదు. గది గోడలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. చుట్టూ కదలని నీళ్ళు, మైళ్ళ కొద్దీ. చుక్క కోసం చెవి పెట్టింది. లేదు. ఇంకో నాలుగు అడుగులు వేసి చెయ్యి చాపింది. పొయ్యి గట్టు తగలాల్సిన చేతికి అల్మారా తలుపు తగిలింది.

"తువ్వాలు ఇక్కడే ఉండాలే" అంది అక్క, మామూలుగా.

తువ్వాలు పొయ్యి పక్క మేకుకి వేలాడుతోంది. తమ్ముడు చూశాడు. మరదలు చూసి, మొగుడి వైపు కనుబొమలెగరేసింది. తమ్ముడు లేచి, పొయ్యి దగ్గరున్న ఖాళీ సత్తు గిన్నెని కాలితో తన్నాడు. ఖణంగుమంది. అక్క వెంటనే ఆ చప్పుడు వైపు తిరిగింది. టీ అయితే వచ్చింది. ముగ్గురూ తాగారు. 

బండి దగ్గర మరదలు అడిగింది. "చూశావుగా. ఇంకెందుకు ఆగడం? ఆవిడ మాటిచ్చింది, నువ్వు అడిగితే చాలు."

"అడిగితే వస్తుంది. అందుకే నోరు రావట్లేదు."

"అయితే ఎప్పుడో ఒకరోజు మంటల్లో చెయ్యి పెడుతుంది. అదీ నువ్వే చూద్దువుగాని."

మరదలి మాటలో విషం లేదు. తమ ఇంట్లో వదిన కోసం సర్దిన గదికి కిటికీ తెరలు తనే కుట్టింది. తమ్ముడు గొట్టం చుట్టలు చుడుతూ ఆగిపోయాడు. "నున్నగా అరిగిన దారి చూశావా నువ్వు? గీత గీసినట్టుంది. అలా నడిచిన మనిషి పొద్దున్న దాకా తప్పలేదు. సాయంత్రానికి తప్పిందంటే మధ్యలో ఎవరేం చేశారు?"

"ఎవరేం చేశారు?"

"మనం చేశాం."

అతను వెనక్కి వెళ్ళాడు. అక్క గది మధ్యలో, చేతులు రెండూ కొంచెం చాపి, నిలబడే ఉంది.

"అక్కా, ఒక మాట. పొయ్యి ఎటుందో నీకెలా తెలిసేది?"

"అదేం ప్రశ్నరా? పొయ్యి..." అక్క ఆగింది. ఆమె పెదాలు కదిలాయి, పాదాలు కదిలాయి. తన గురించి తనే మొదటిసారి వింటున్నట్టు నెమ్మదిగా అంది. "పొయ్యి కిందికి ఉండేది. నువ్వు పైకి ఉండేవాడివి, వచ్చినప్పుడల్లా. వీధి పైకి, మంచం అడ్డం. ఇప్పుడు ఏదీ ఎటూ లేదురా."

చాపిన చేతులు దించేసి అంది. "గెలిచావులే. తడబడ్డాను. పేము కట్టలు నేను మోసుకుంటా, మిగతావి నువ్వు తీసుకో."

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ తిరిగాడు తమ్ముడు. ఇప్పుడది చేతిలోకి వచ్చి పడింది. పట్టుకోలేదు.

"పని అయ్యాక కదా పందెం? నా పని ఇంకా కాలేదు. బయటికి నడు. ఏమేయ్, పంపు ఆన్ చెయ్యి!"

"మళ్ళీనా? కిటికీ మూల దించుతావా ఏంటి?" మరదలు తల లోపల పెట్టింది.

"గట్టిపడ్డ నురగని దించడం ఎవరివల్లా కాదు. తలుపు వైపు లేపుతా. వేలి మందం."

"అప్పుడు తలుపు నేలకి రాసుకుంటుంది కదయ్యా."

"తలుపుని చిత్రిక పట్టొచ్చు. మా అక్కని పట్టలేం."

మరదలు అతన్ని ఒక్క క్షణం చూసింది. "పట్టలేం, అది నిజమే" అంటూ పంపు దగ్గరికి నడిచింది.

నేల మళ్ళీ మూలిగింది. ఈసారి మబ్బులు తలుపు వైపు చేరాయి. గడప పక్క కూచున్న అక్క, ఏదో తెలిసిన ఒడ్డు కనిపించినట్టు, ముందుకి వంగింది.

పంపు చప్పుడు విని గోళీ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. గోళీ వదిలాడు. అది ఒక్క క్షణం ఆలోచించి, బద్ధకంగా కిటికీ మూలకి బయల్దేరింది.

"ఇదేం పనయ్యా! బంగారం లాంటి నేలని వంకర చేశావు! ఆఫీసుకి ఏమని చెప్పమంటావు?"

"ఉన్నదే చెప్పు పెద్దాయనా" అంది అక్క గడప మీంచి. "పాత వాలు వాళ్ళు పని ఎగ్గొడితే వచ్చింది. ఇది నా కోసం పెట్టించుకున్నది. రెండిటికీ తేడా తెలియకపోతే వచ్చి నన్నడగమను. కుర్చీ వేసి మరీ చెబుతా."

పెద్దాయన గొణిగాడు. అక్క ఆయన్ని దాటి లోపలికి అడుగు పెట్టింది. పాదం నేలని తాకింది, ఆగింది. నేల చాలా మెల్లిగా, ఒకప్పటిలా తోసెయ్యకుండా, ఇటు అంది. గోడలన్నీ ఎక్కడెక్కడి నుంచో తిరిగొచ్చి తమ చోట్లలో నిలబడ్డాయి. గోళీ ఇంకా దొర్లుతూనే ఉంది. దాని వెనకే నడిచింది అక్క, నున్నటి దారి మీద, కొత్తగా పూడ్చిన రంధ్రాలు దాటుతూ. గోళీ పొయ్యి గట్టుకి తగిలి టప్ మంది. ఆమె వంగి, తడుముకోకుండా, దాన్ని అందుకుంది.

తమ్ముడు చిత్రిక తెచ్చి తలుపు విప్పడం మొదలుపెట్టాడు.

"మరి మా ఇంట్లో నీకని సర్దిన గదిలో నేనేం పెట్టను వదినా? తెరలు కూడా కుట్టాను" అంది మరదలు.

"మీ ఇంట్లో తెగిన కుర్చీలు పెట్టవే అమ్మాయ్, వచ్చి అల్లిపెడతా" అంది అక్క, అగ్గిపుల్ల గీస్తూ. "అల్లి, నా ఇంటికి నేను వచ్చేస్తా."