పాప ఉన్న డిస్క్

ఇంట్లో కంప్యూటర్ టక్‌టక్‌మని చప్పుడు చేయడం మొదలుపెట్టేనాటికి సౌజన్య పోయి ఎనిమిది నెలలైంది. నాలుగేళ్ల పిల్ల. చెల్లెలి పెళ్లికని తల్లి స్వప్న పుట్టింటికి, విరూర్ తీసుకెళ్లింది. అక్కడే జ్వరం తగిలింది. మామూలు జ్వరమేలే అనుకుని రెండు రోజులు ఆగి చంద్రపూర్ తెచ్చేసరికి చెయ్యి దాటిపోయింది. ఫోన్ నిండినప్పుడల్లా పాప వీడియోలు కంప్యూటర్‌లోకి మార్చేవారు. ఇప్పుడు పాప మాట వినాలంటే అదొక్కటే దిక్కు.

స్వప్నను మరాఠీ తీరున వహినీ, అంటే వదినా, అని పిలిచే రిపేరు షాపు ప్రమోద్ ఇంటికొచ్చి మూత విప్పి చూశాడు.

"లోపలి డిస్క్ ఇగ ఎక్కువ రోజులు పనిజెయ్యది వహినీ. జల్దీ అన్నీ వేరే దాంట్ల తీస్కోవాలె. చిన్న డిస్క్ ఒకటి కొనుండ్రి, ఆన్‌లైన్ల గూడ ఎక్కియ్యుండ్రి. రెండు తావుల ఉంటె ఫికర్ ఉండది."

"ఆన్‌లైన్ల పెడదామండీ," అంది స్వప్న భర్తతో. "ఇద్దరం ఫోన్లల్ల చూస్కోవచ్చు."

ధనరాజ్ ఆమె వైపు చూడనైనా లేదు. "డిస్క్ చాలు," అన్నాడు ప్రమోద్‌తో.

సబ్బుబిళ్లంత నల్లటి డిస్క్ తెచ్చి, అన్నీ తనే ఎక్కించుకున్నాడు. పాత డిస్క్‌ను పెరట్లో బండమీద పెట్టి సుత్తితో కొట్టాడు. కొత్తది బీరువాలో పెట్టి తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

పాప పుట్టినరోజున స్వప్న అడిగింది. ఒక్కసారి చూస్తానంది.

"పాప నీ దగ్గర ఉన్నప్పుడు పోయింది," అన్నాడు ధనరాజ్, గొంతు పెంచకుండా. "గిప్పుడు నా దగ్గర ఉంటది."

ఆదివారాలు తలుపేసుకుని, తన లాప్‌టాప్‌కు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసేవాడు. తలుపవతల స్వప్నకు అతని ఏడుపు వినిపించేది, పిల్ల గొంతు వినిపించేది కాదు. ఒకసారి అతని అక్క నర్సక్క వస్తే లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి చూపించాడు. "చాయ్ పెట్టుకరా పో," అని స్వప్నను వంటింట్లోకి పంపాడు. ఆమె చాయ్ కప్పులతో గుమ్మంలోకి రాగానే టీవీ ఆపేశాడు. నర్సక్క తల దించుకుని చాయ్ తాగింది.

ఆ తర్వాతి వారం ధనరాజ్ పనిమీద గోండ్‌పిప్రి వెళ్తూ తాళం చెవి విడిచిన చొక్కాలో మరిచిపోయాడు. గంటలో స్వప్న డిస్క్ కొంగులో చుట్టుకుని ప్రమోద్ షాపులో ఉంది.

ప్రమోద్ తగిలించి, మొహం వేలాడేశాడు. "పాస్‌వర్డ్ పెట్టిండు వహినీ. ఐదుసార్లు తప్పు కొడితె డిస్క్ తనంతట తానే అంతా తుడిచేస్తది."

పాప పేరు కొట్టింది. పుట్టినరోజు కొట్టింది. ధనరాజ్ ఫోన్ నంబరు, అత్తగారి పేరు. నాలుగూ తప్పాయి. చివరికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"పాస్‌వర్డ్ చెప్పండి. మీ కాళ్లు మొక్కుత."

అవతల ధనరాజ్ నవ్వాడు. "దొంగతనం గూడ నేర్చినవా? ఎన్నిసార్లు కొట్టినవ్?"

"నాలుగు."

"కొట్టు మరి. ఒకసారి సంపినవ్, గింకోసారి సంపు."

స్వప్న కీబోర్డు దగ్గరికి లాక్కుంది. రెండు మూడు అక్షరాలు నొక్కిన చప్పుడు అతనికి వినిపించినట్టుంది.

"ఏయ్, ఆగు! స్వప్నా, చెప్త. నీకు దండం బెడ్త, ఆగు," అంటూ ఒక్కో అక్షరం విడమరిచి చెప్పాడు. ప్రమోద్ బిల్లు కాగితం వెనక రాసి ఆమె ముందుకు తోశాడు.

"కొట్టు వహినీ. పది నిమిషాలల్ల నీకొక కాపీ తీసిస్త."

స్వప్న కాగితం చదివింది. అతను సరైన పాస్‌వర్డే చెప్పాడని ఆమెకు తెలుసు. తనకొక కాపీ ఉంటుంది. అతనికీ ఉంటుంది. ఆదివారం తలుపేసుకుని చూస్తాడు.

"నువ్వు గూడ నా తీర్గనే ఉండు," అని ఫోన్లో చెప్పి, చేతికొచ్చిన అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కింది. ప్రమోద్ చెయ్యి చాచేలోపు అయిపోయింది.

సాయంత్రం ధనరాజ్ వచ్చి ఖాళీ డిస్క్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను కొట్టలేదు. చిన్నపిల్లాడిలా అడిగాడు.

"వానల తడుసుకుంట పాప ఏందో పాట పాడేది గదా... ఎట్లుండె అది?"

స్వప్నకు ప్రతి మాటా గుర్తుంది. ఎక్కడ నత్తి పడేదో కూడా గుర్తుంది.

"నాకు యాదికి లేదు," అని బియ్యం కడగడానికి లేచింది.