అద్దె వడ్డాణమూ పెళ్ళిపూట ఇడ్లీలూ

నేను ఒక వడ్డాణాన్ని. వెంటనే తులం ధరతో లెక్కలు వేసుకోకండి, నేను బంగారం కాను. బందరు పక్కన చిలకలపూడిలో పుట్టాను. రాగి రేకును అచ్చులో పెట్టి కొట్టి, మధ్యలో లక్ష్మీదేవిని, ఆవిడకు అటో ఏనుగును, ఇటో ఏనుగును నిలిపి, ఎర్రరాళ్ళు పొదిగి, ఒంటినిండా బంగారు పూత పూశారు. పూత పూసిన ముసలాయన నన్ను ఎండలోకి ఎత్తి పట్టుకుని, "దీన్ని చూస్తే దొంగ కూడా మోసపోతాడ్రా" అన్నాడు. నేను అందుకున్న మొదటి మెచ్చుకోలు అది. కొంచెం గర్వపడ్డాను కూడా.

బేబిరాణి గారు నన్ను కొనుక్కుని, తన అద్దె నగల కొట్లో అద్దాల బీరువాలో పెట్టారు. అప్పటినుంచీ నాది పెళ్ళిళ్ళ బతుకు. పెళ్ళికో నడుము. హారాలకు పెళ్ళికూతురి గుండె వినబడుతుంది, జూకాలకు చెవిలో గుసగుసలు అందుతాయి. నేను ఉండేది పొట్ట మీద, అందుకని నాకు పొట్టలు వినబడతాయి. పెళ్ళికూతుళ్ళ పొట్టలంత వాగుడుకాయలు లోకంలో లేవు. ముహూర్తం దాకా ఉపవాసం కదా, గౌరీపూజ దగ్గర సన్నగా మొదలై జీలకర్ర బెల్లం వేళకు గోలగోల. సిగ్గుతో తల వంచుకుందని పైన అందరూ మురిసిపోతుంటారు. ఆ పిల్ల వంటశాల నుంచి వస్తున్న పులిహోర వాసన పీలుస్తోందని కింద నాకొక్కదానికే తెలుస్తుంది.

మనుషుల తూకం నాకు ఇప్పటికీ అర్థం కాదు. నగ బరువెక్కితే పండగ చేసుకుంటారు. పిల్ల బరువెక్కితే దిగులుపడతారు.

ఇందుజ నన్ను మొదటిసారి పెట్టుకున్నది తన పెళ్ళికి కాదు, పిన్నికూతురి పెళ్ళికి. నేను జారిపోతుంటే వెనక పిన్నీసుతో బిగించారు. వచ్చినవాళ్ళందరూ "నడుమంటే అదమ్మా!", "ఏం తింటావే, మాక్కూడా చెప్పు" అని ఒకటే పొగడ్తలు. ఇందుజ నవ్వుతోంది. నాకు మాత్రం భయమేసింది. ఆ పొట్టలో చప్పుడు లేదు. ఆకలి గురగుర కూడా లేదు. అడిగి అడిగి విసిగిపోయి, ఇక అడగడం మానేసిన పొట్ట అది. భోజనాల దగ్గర ఆమె అన్నం కలిపింది, కుప్ప చేసింది, విస్తరిలో ఈ మూల నుంచి ఆ మూలకు జరిపింది, లేచి చెయ్యి కడుక్కుంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఆ నడుము రహస్యం అడుగుతూనే ఉన్నారు.

రెండేళ్ళ తరవాత తల్లి కుసుమతో కలిసి మళ్ళీ కొట్టుకు వచ్చింది. ఈసారి తన పెళ్ళికే. బేబిరాణి గారు నన్ను ఆమె నడుముకు పెట్టి చూశారు. పిన్నీసుతో పని లేకుండా కొక్కేనికి కొక్కెం సరిగ్గా పడింది. లోపల ఏదో మెల్లగా కదిలింది. పొద్దున తిన్న ఉప్మా అయివుంటుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కుసుమకు మాత్రం నేను నచ్చలేదు. "ఒక్కగానొక్క పిల్లవి, అద్దె నగలేంటే? ఆ లోనువాళ్ళు ఇంకో రెండు లక్షలు ఇస్తామని రోజూ ఫోన్లు చేస్తున్నారుగా. తీసుకుని నిజందే కొనుక్కుందాం."

"వాళ్ళు ఇస్తామనేది నా మీద ప్రేమతో కాదమ్మా. పాతదే ఇంకా తీరలేదు."

"వంశీ వాళ్ళు ఏమనుకుంటారే?"

"వంశీకి అంతా తెలుసు. అప్పు సంగతీ తెలుసు, జబ్బు సంగతీ తెలుసు. వాళ్ళవాళ్ళు ఏమైనా అనుకుంటే అనుకోనీ."

ఆ జబ్బు ఏమిటో వాళ్ళ మాటల్లోనే నాకు తెలిసింది. సన్నబడాలని ఇందుజ ఏదో సెంటరులో ప్యాకేజీ కట్టింది. అది చాలక పొడులు, అవి చాలక ఇంకో ప్యాకేజీ, అన్నిటికీ పర్సనల్ లోను. చివరికి ఆఫీసు లిఫ్టులో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రి బిల్లుకు ఇంకో లోను. అక్కడితో ఆగినా బాగుండేది. అప్పు తీర్చాలి కదా అని మొదట పొద్దుటి టిఫిన్ మానేసింది, తరవాత మధ్యాహ్నం భోజనం. ఎవరైనా అడిగితే పొదుపు అనేది. అప్పు తీరుస్తున్న పిల్లను తప్పుపట్టేదెవరు? పొదుపంటే మన జనానికి దేవుడి తరవాత దేవుడు. ఆ దేవుడి చాటున ఆమె మళ్ళీ తిండి మానేసింది. విజయవాడలో డాక్టరమ్మ ఒక్కతే ఆ కిటుకు పట్టుకుంది. "అప్పు జీతంలోంచి కట్టు, పొట్టలోంచి కాదు. నువ్వు ఒక పూట మానితే అది ఒక పూటతో ఆగదు. పండగ కానీ పబ్బం కానీ, పూట తప్పడానికి వీల్లేదు. తినకూడదనిపిస్తే పక్కన ఎవరుంటే వాళ్ళకి పైకి చెప్పెయ్" అందట.

నాకోసం ఇందుజ అద్దె కాక ఐదు వేలు డిపాజిట్టు కట్టింది. ఆ డబ్బు ఎక్కడిదో కూడా చెప్పేసింది పిచ్చిపిల్ల. అది ఆ నెల లోను వాయిదాకు పక్కన పెట్టుకున్నది. పెళ్ళి మర్నాడే వాయిదా గడువు. నన్ను తిరిగి ఇచ్చేసి, డిపాజిట్టు తీసుకుని, ఆ సాయంత్రంలోగా కట్టెయ్యాలి.

"కొక్కెం వంగినా, రాయి ఊడినా కోత పడుతుందమ్మా, ముందే చెప్తున్నా" అన్నారు బేబిరాణి గారు.

పెళ్ళిరోజు పొద్దున కల్యాణమండపం గదిలో నన్ను పెట్టెలోంచి తీశారు. ఇందుజ పెద్దమ్మ సీతారత్నం నగలన్నీ ఒక్కొక్కటే పెట్టి, ఆఖరున నన్ను నడుము చుట్టూ తిప్పింది. కొక్కెం అందలేదు. ఆ మధ్య కాలంలో ఆ పిల్ల కాస్త ఒళ్ళు చేసింది. ఆ వార్తకు నేను పొంగిపోయి ఉండేదాన్నే కానీ, నా రెండు కొసల మధ్య రెండు వేళ్ళ ఖాళీ ఉంది.

"ఊపిరి పట్టవే" అని సీతారత్నం లాగింది. నా కొక్కెం కిర్రుమంది.

"ఆగు పెద్దమ్మా, విరుగుతుంది! డిపాజిట్టు పోతుంది!"

"మొన్నటిదాకా మల్లెతీగలా ఉండేదానివి, ఏమైందే నీకు? సర్లే, ముహూర్తం దాకా ఎలాగూ ఉపవాసమేగా. మంచినీళ్ళు కూడా తక్కువ తాగు. పదకొండు అయ్యేసరికి పొట్ట అదే లోపలికి పోతుంది, అప్పుడు పెడతా."

నన్ను ఇందుజ ఒళ్ళోనే వదిలేసి పూలజడ పని చూడ్డానికి అటు తిరిగింది. ఆ మాటకు ఇందుజ భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. సంతోషించింది. నాకు ఒళ్ళు జలదరించింది. తిండి మానెయ్యమంటే చాలు, చెంగున గెంతే పాత అలవాటు ఒకటి ఆమె లోపల నిద్ర లేచింది. దానికి ఇప్పుడు శాస్త్రమే తోడొచ్చింది. తినవద్దని పెద్దలే చెబుతున్నారు, దేవుడి పేరు మీద చెబుతున్నారు, ఇంతకంటే పెద్ద అనుమతి ఇంకేం కావాలి?

ఫోన్లో టిఫిన్ వేళ అలారం మోగింది. ఇందుజ దాన్ని ఆపేసింది.

లోపలి నుంచి గురగురమంటూ పిలుపు వచ్చింది. ఎంతో కష్టపడి మళ్ళీ అడగడం నేర్చుకున్న పొట్ట అది. ఇందుజ దానిమీద నన్ను అదిమిపెట్టింది. తింటే నేను పట్టను. పట్టకపోయినా లాగితే విరుగుతాను, వాయిదా డబ్బు పోతుంది. అసలు పెట్టుకోకపోతే పెళ్ళికొడుకు వైపువాళ్ళు నడుము వంకే చూస్తారు. ఎటు చూసినా తినకపోవడమే మంచిదని తేలుతోంది. ఈ లెక్కలో ఆ పిల్ల ఎప్పుడూ ఫస్టు క్లాసే. అలారం మళ్ళీ మోగింది. మళ్ళీ ఆపింది. గదిలో ఎవరూ అటు చూడలేదు. ఇంకో పావుగంట అలాగే గడిచిపోతే, ఆ పూట గడిచిపోయినట్టే.

"అమ్మా."

పసుపుబట్టలు మడతపెడుతున్న కుసుమ తలెత్తింది.

"అమ్మా, నాకు తినకూడదనిపిస్తోంది. చాలా హాయిగా ఉంది అలా అనుకుంటే."

చెప్పడానికి అది చిన్న మాటే. గొంతులోంచి బయటికి తియ్యడానికి మాత్రం చాలా బరువు. కుసుమ చేతిలో బట్టలు మంచం మీద పడేసి, నన్ను కూతురి ఒళ్ళోంచి తీసి పెట్టెలో పెట్టింది.

"అక్కా, తలుపు దగ్గర నువ్వుండు. నేను వంటశాలకెళ్ళొస్తా."

"ఎందుకే?"

"ఇడ్లీకి."

"గౌరీపూజకి ముందా! ఒసేయ్ కుసుమా, అపచారమే!"

"గౌరమ్మ కూడా ఆడపిల్లే అక్కా. ఆవిడతో నేను మాట్లాడుకుంటాలే."

కొంగు చాటున ఇడ్లీలు వచ్చాయి. పెట్టె మూత వెయ్యలేదు కాబట్టి నేనంతా చూశాను. మొదటి ముక్క నోటిదాకా వెళ్ళి కిందికి దిగింది. మళ్ళీ వెళ్ళింది. కుసుమ పక్కనే కూర్చుని కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది. గడప దగ్గర కాపలా ఉన్న సీతారత్నం ఉండబట్టలేక గుర్రుగా వెనక్కి తిరిగింది.

"తింటే తిన్నావు కానీ, ఉత్తి ఇడ్లీ ఏంటే, గొంతు పట్టుకుంటుంది. ఆ కొబ్బరిచట్నీ వేసుకుని చావు."

ఇందుజ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పెళ్ళి మేకప్పు ఒక బుగ్గ మీద చారికలు కట్టింది. ముక్క లోపలికి వెళ్ళింది.

నన్ను గదిలో వదలడానికి భయపడి, కుసుమ పెట్టెను చంకలో పెట్టుకునే మండపంలోకి వచ్చింది. పీటల మీద కూర్చున్న ఇందుజను పెళ్ళికొడుకు మేనత్త ఎగాదిగా చూసింది. నేను పెట్టెలోనే ముడుచుకుపోయాను.

"వడ్డాణం ఏదమ్మాయ్? నడుం బోసిగా ఉంది."

కుసుమ ఏదో సర్దిచెప్పబోయింది. ఇందుజ ముందే అందుకుంది. "అద్దెకి తెచ్చామండి. సరిపోలేదు."

మేనత్త మూతి ముడుచుకుంది. అది ఇప్పటికీ విప్పలేదని విన్నాను. ఆవిడను ఆ పెళ్ళి ఏమీ మార్చలేదు, పాపం. ఇంతలో భజంత్రీలు అందుకున్నారు. అడ్డుతెర అవతలి నుంచి వంశీ గొంతు సన్నగా వినిపించింది.

"టిఫిన్ చేశావా?"

"రెండు ఇడ్లీ. నువ్వు?"

"ఎక్కడ! అత్తయ్య కాపలా. కళ్ళు తిరుగుతున్నాయి, కాస్త తొందరగా పెళ్ళి చేసుకో నన్ను."

ఇందుజ పకపకా నవ్వింది. "నవ్వులు తరవాతమ్మా, ముందు జీలకర్ర బెల్లం పట్టుకో" అన్నారు పంతులుగారు.

మర్నాడు ఇద్దరూ బండి మీద నన్ను తిరిగి ఇవ్వడానికి వచ్చారు. కొత్త పెళ్ళికూతురు ఆ పూట పట్టరాని హుషారుగా ఉంది. మెడలో పసుపుతాడును రెండు నిమిషాలకోసారి తడిమి చూసుకుంటోంది. బేబిరాణి గారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని నన్ను ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమారు.

"కొక్కెం వంగింది. ఎవరో లాగారు."

"మా పెద్దమ్మండి."

"పెద్దమ్మ లాగినా పినతల్లి లాగినా వంకర వంకరే కదమ్మా. ఐదొందలు తగ్గించి ఇస్తాను."

నాలుగున్నర వేలు ఆమె ఫోనుకు పంపారు. అప్పుడే ఫోన్ మోగింది. అవతలి గొంతు కొట్టంతా వినబడింది. "మేడం, ఈఎంఐ సాయంత్రంలోగా పూర్తిగా కట్టాలి. తక్కువైతే పెనాల్టీ."

"కడతానండి" అని ఫోన్ పెట్టేసి, ఇందుజ ఆ అంకె వంక చూస్తూ తనలో తనే గొణిగింది. "ఐదొందలేగా. ఈ వారం క్యాంటీన్లో మధ్యాహ్నం..."

అక్కడ ఆగిపోయింది. హుషారంతా ఎటు పోయిందో పోయింది. అద్దాల బల్ల మీద నుంచి చూస్తున్నాను, ఆమె చెయ్యి దానంతటదే నడుము మీదికి వెళ్ళి అక్కడ కొలత చూస్తోంది. వంశీ కూడా చూశాడు. నాకు అరవాలనిపించింది. గిల్టు నగకు గొంతెక్కడిది?

ఇందుజ చెయ్యి తీసేసింది. భర్త వైపు తిరిగింది. అప్పటిదాకా ఆ అప్పులో ఒక్క రూపాయి కూడా అతన్ని కట్టనివ్వలేదట.

"వంశీ, నాకో ఐదొందలు అప్పిస్తావా? జీతం రాగానే ఇచ్చేస్తా."

"వడ్డీ ఎంత?" అన్నాడు వంశీ, నవ్వు ఆపుకుంటూ.

"భార్య దగ్గర వడ్డీయా? బేబిరాణి గారూ, చూశారా ఈ అన్యాయం! నువ్వు ముందు డబ్బు పంపించు, ఇక్కడే కట్టేస్తా. తరవాత పద, ఎక్కడైనా భోంచేద్దాం. ఆకలేస్తోంది."

బేబిరాణి గారు పట్టకారు తీసి నా కొక్కేన్ని సరిచెయ్యడం మొదలుపెట్టారు. నొప్పి పుట్టింది కానీ నా ధ్యాసంతా గుమ్మం బయటే ఉంది. ఏ హోటల్లో ముద్దపప్పు బాగుంటుంది, ఏ హోటల్లో అడగకుండానే రెండో అప్పడం వేస్తారు అని ఇద్దరూ గట్టిగా పోట్లాడుకుంటున్నారు. బండి స్టార్టయింది. సందు మలుపు తిరిగేదాకా వాళ్ళ గొంతులు వినబడుతూనే ఉన్నాయి. అప్పటికీ ఏ హోటలో తేలలేదు.