గుప్పిట్లో గింజ

దిండు గలేబు తొడుగుతూనే ఆండాళ్ ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టింది.

"పొద్దున్నుంచి బిడ్డ కదిలిందా అమ్మా?"

"కదిలింది మమ్మీ. రేపు డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందిగా. ఊరికే టెన్షన్ పడకు," అని ఈషా పెట్టేసింది.

జర్మనీలో, మాగ్డెబర్గ్‌లోని ఆ వృద్ధాశ్రమంలో ఆండాళ్ పదకొండేళ్లుగా పక్కలు మారుస్తోంది. వేళ్ల సందులు సబ్బునీళ్లకు పాచిపోయి తెల్లబడ్డాయి. ఈషాకు ముందు పుట్టిన బిడ్డ ఏడవకుండానే పోయింది. అప్పట్నుంచీ ఎక్కడ నిశ్శబ్దంగా ఉన్నా ఆమెకు గుండె జారుతుంది.

గదులు తుడిచే మార్తా గ్వాతెమాలా కొండల్లోని మాయా తెగ మనిషి. రోజులు లెక్కగట్టి జోస్యం చెప్పే వాళ్లవ్వ ఎర్రగింజలు ఇప్పుడు ఆమె దగ్గరున్నాయి. కూతురి పురుడెలా అవుతుందో చూడమని ఆండాళ్ వారంగా బతిమాలుతోంది.

పద్నాలుగో గదిలో, లెవిన్ గారి బల్లమీద గింజలు నాలుగేసి కుప్పలయ్యాయి. కుప్పకో రోజు పేరు. చివర ఒక్క గింజ మిగిలింది.

"కమే," అంది మార్తా. "పోయినవాళ్ల రోజు. చెడ్డదేం కాదు, పెద్దలు..."

ఆండాళ్‌కు మొదటి ముక్కే వినబడింది.

మంచంలోంచి లెవిన్ నవ్వాడు. తొంభై ఏళ్ల యూదు ముసలాయన. "మీ అవ్వకు ఈ అధికారం ఎవరిచ్చారు?"

"ఆమె పుట్టిన రోజే ఇచ్చింది. జబ్బుపడితే కలలో పిలుపొచ్చింది."

"కలొచ్చిందంటే మా మతగురువు రబ్బీ నవ్వుతాడు. చదవాలి, వాదించాలి. మా వాళ్లు దేవుడితోనే వాదించారు." ఆ గింజ తీసి గుప్పిట మూశాడు. "ఇది నా లెక్కలోది."

"అలా తీయకూడదు తాతా!"

"తీశాగా! ఆండాళ్, ఇక నీ కూతురికేమైనా వండిపెట్టుకో, పో."

మధ్యాహ్నం సూపు తెచ్చేసరికి గుప్పిట అలాగే ఉంది. ఊపిరి లేదు.

పోయాక తనవాళ్లు వచ్చేదాకా ఒంటరిగా వదలొద్దని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. కానీ శవం పక్కన కూర్చుని, కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి ఎలా వెళ్లడం? మైల కాదూ? ఆండాళ్ గుమ్మం దాకా నడిచింది. "నా పిల్ల గండం గడిచింది," అని లోపల ఎవరో అన్నారు. ఆ గొంతు తనదే. సిగ్గుతో వెనక్కొచ్చి కుర్చీ లాక్కుంది.

ఫోను మోగింది. ఆ గదిలోకి ఈషా గొంతు రానివ్వడానికి భయపడి ఎత్తలేదు. మూడుసార్లు మోగి ఆగింది.

సాయంత్రం యూదుల ప్రార్థనామందిరం సినగోగు నుంచి ఇద్దరొచ్చి ఆయన్ను తీసుకెళ్లారు. అప్పుడు ఫోను తీసి ఈషా మెసేజ్ చూసింది. "బేబీ ఒకటే తన్నుతోంది మమ్మీ. ఎక్కడున్నావ్?"

ఆండాళ్ లైటార్పింది. పదకొండేళ్లలో మొదటిసారి ఒక పక్క మార్చకుండా వదిలేసింది. ముసలాయన ఒళ్లు పడ్డ గుంటలో, తెల్లటి దుప్పటి మీద, ఎర్రగింజ ఒక్కటే ఉంది.