మే నెలలో హీటర్

లక్ష్మీరాజం కారుకు అరవై ఏళ్లు. లక్ష్మీరాజానికి యాభై రెండు. ఇద్దరిలో ఎవరికి ముందు కోపం వస్తుందో సిద్దిపేటలో ఎవరూ చెప్పలేరు కాని, ఆవిరి మాత్రం కారు మీదే కనిపిస్తుంది.

ఆ పాత అంబాసిడర్ ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంటుంది. ఆ జాగాలో పిండి గిర్ని పెట్టాలని ఆయన భార్య స్వరాజ్యలక్ష్మి ఏడేళ్ల నుంచి కాచుకుని ఉంది. మేనల్లుడు శైలేందర్ పెళ్లి కుదిరి, బరాత్ ఊరేగింపుకు మామ కారే కావాలని వాడు మొండికేసినప్పుడు ఆమెకు సందు దొరికింది.

"మీ అక్క ఇంటికాడికెల్లి ఫంక్షన్ హాల్ దాంక రెండు కిలోమీటర్లు. నడుమల కారును ఒక్కపారి నూకినా సరే, తెల్లారి పాత సామాన్లోడు వస్తడు, దాని జాగల గిర్ని వస్తది. ఒప్పుకుంటవా?" అని చుట్టాలందరి ముందూ అడిగింది.

చుట్టాల ముందు అడిగితే కాదనే మగవాడు ఇంకా పుట్టలేదు. లక్ష్మీరాజం ఒప్పుకున్నాడు.

ముహూర్తం పగలు పదకొండు నలభైకి. బరాత్ తొమ్మిదిన్నరకు బయలుదేరాలి. పదిన్నరకు బయలుదేరింది, అంటే టైముకే. స్టీరింగు దగ్గర లక్ష్మీరాజం, పక్కన ముప్పై ఏళ్లుగా ఆ కారుకు వైద్యం చేస్తున్న మెకానిక్ ముజీబ్. వెనక సీట్లో పెళ్లికొడుకు, వాడి పక్కన సాక్షిగా స్వరాజ్యలక్ష్మి. కారు వెనక లక్ష్మీరాజం అక్క పోశమ్మ, ఆడవాళ్లు. కారు ముందు బ్యాండు. బ్యాండు ముందు పెళ్లికొడుకు చిన్నాయన.

చిక్కంతా ఈ చిన్నాయనతోనే. ఇంజనును నీళ్లు చల్లబరుస్తాయి, ఆ నీళ్లను ముందరి జాలీలోంచి వచ్చే గాలి చల్లబరుస్తుంది, కారు ఉరికితేనే ఆ గాలి వస్తుంది. కాని చిన్నాయన నడిరోడ్డు మీద బోర్లా పడుకుని నాగిని డాన్సు చేస్తున్నాడు. కారు నాలుగు అడుగులు నడిచి ఆరు నిమిషాలు ఆగుతోంది. తొక్కించుకుని పోదామని లక్ష్మీరాజానికి అనిపించకపోలేదు, కాని పెళ్లి ఆగిపోతుంది.

"అన్నా, సూది నడుమ దాటింది," అన్నాడు ముజీబ్, వేడి చూపించే ముల్లు మీద నుంచి కన్ను తీయకుండా. "ముంగట జాలీకి గా పూలు ఎవలు కట్టిన్రు?"

జాలీ నిండా బంతిపూలు. వాటి మీద బండెడు థర్మకోల్ గుండెకాయ. ముజీబ్ దిగి బరబరా పీకేశాడు. వెనక నుంచి పోశమ్మ ఉరికొచ్చింది.

"ఓ ముజీబూ! పెండ్లి బండి పూలు తెంపుతవా? చేతులెట్లొచ్చినయిరా?"

"ఊపిరాడుతలేదక్కా!"

"ఎవలికి?"

"కారుకు!"

"కారుకు ముక్కెక్కడిదిరా?"

"గిదే ముక్కు! దీంట్లనే గుండెకాయ కుక్కిన్రు!"

ముల్లు గోరంత దిగింది. ఇంతలో చిన్నాయన పడగెత్తాడు. ముల్లూ ఎత్తింది.

ఇంజను ఆపి చల్లార్చుకోవచ్చు. కాని కాగిన మీద ఆపితే ఆ కారు మళ్లీ స్టార్టు కాదని లక్ష్మీరాజానికి తెలుసు. స్వరాజ్యలక్ష్మికి ఇంకా బాగా తెలుసు. ఆమె వెనక సీట్లో కూర్చుని, గిర్ని ఏ గోడకు పెట్టాలో వేళ్లతో గాలిలో కొలుస్తోంది.

"ఇగ ఒక్కటే ఉంది," అన్నాడు ముజీబ్ గొంతు తగ్గించి. "హీటర్."

ఆ కారును మొదట కొన్న డాక్టరు ఏటేటా ఊటీకి పోయేవాడు. చలికని హీటర్ పెట్టించాడు. సిద్దిపేటలో దాని మీట ముట్టినవాడు లేడు. ఇంజను వేడిని లాగి లోపల కూర్చున్నవాళ్ల కాళ్ల మీద ఊదడమే దాని పని. ముజీబ్ మీట తిప్పాడు. మొదట ముప్పై ఏళ్ల దుమ్ము వచ్చింది. తర్వాత ఎండిపోయిన బల్లి ఒకటి వచ్చింది. ఆ తర్వాత పొయ్యి మూత తీసినట్టు సెగ వచ్చింది.

"మామా, ఏసీ ఏసినవా?" అన్నాడు శైలేందర్ ఆశగా.

"ఆఁ, గసొంటిదే."

"మామా, బూట్లల్ల కాళ్లు ఉడుకుతున్నయి."

"ఓర్చుకో బిడ్డా. పెండ్లంటే గిట్లనే ఉంటది. అలవాటైతది."

"ఇరవై ఆరేండ్ల సంది ఉడుకుతున్న. నాకింక కాలే అలవాటు," అంది స్వరాజ్యలక్ష్మి.

"దిగి నడువరాదు?"

"నేను దిగంగనే నూకిపిస్తవు. సచ్చినా దిగ."

ముల్లు ఎరుపు గీత దగ్గర ఆగింది. పెళ్లికొడుకు కాటుక మాత్రం ఆగలేదు. చెమటతో కలిసి రెండు నల్లటి చారలై గడ్డం దాకా దిగింది. కిటికీలోంచి చూసిన ఒకావిడ పక్కావిడతో, "పిల్లగాడు ఏడుస్తుండు పాపం," అంది. ఆ మాట కారు కంటే ముందు హాలుకు చేరింది. ఆ కారు కంటే ముందు ఏదైనా చేరుతుంది.

శైలేందర్ ఫోను మోగింది. పెళ్లికూతురు భవాని.

"ఏడుస్తున్నవంట?"

"ఏడుస్తలేను. చెమట. హీటర్ ఏసిన్రు."

అవతల భవాని గొంతు పెరిగింది.

"మే నెలల హీటరా?"

"ఇంజను సల్లవడాలంటే..."

"సూడు, ఇష్టం లేకుంటే లేదని చెప్పు. గింత అన్యాలమైన అబద్ధం చెప్పకు."

"ఒట్టు! మా అత్త ఉంది, అడుగు."

స్వరాజ్యలక్ష్మి ఫోను అందుకుంది. "హీటరే బిడ్డా. మా ఆయనకు దిమాకు తక్కువ."

"పది నిమిషాలల్ల నాకు మొగం చూపియ్యమనుర్రి. లేకుంటే నేను పీటల మీద కూసోను." ఫోను పెట్టేసింది.

ఈసారి శైలేందర్ నిజంగానే ఏడ్చాడు.

లక్ష్మీరాజం అద్దంలో వాడిని చూశాడు. ముల్లును చూశాడు. పెళ్లికూతురు అడిగేదీ, కారు అడిగేదీ ఒకటే. ఉరకాలి. హారన్ కొట్టాడు. తన డాన్సుకే ఈల వేశారనుకుని చిన్నాయన పడగ ఇంకా ఎత్తాడు. ముజీబ్ దిగి ఆయనను రెండు కాళ్లు పట్టి రోడ్డు పక్కకు ఈడ్చి, కదిలే కారులోకి దూకాడు. లక్ష్మీరాజం బ్యాండును తప్పించి రెండో గేరు వేశాడు, మూడో గేరు వేశాడు. జాలీలోకి గాలి జొరబడింది. ముల్లు మంచి పిల్లలా దిగసాగింది.

"పిల్లగాన్ని ఎత్కపోతుండు! పట్టుకోర్రి!" అని పోశమ్మ కేక. బ్యాండువాళ్లు వాయిస్తూనే వెంటపడ్డారు. సన్నాయి ఆయాసంతో ఏ పాటో తెలియకుండా పోయింది.

నాలుగు నిమిషాల్లో హాలు. గేటు దగ్గరే భవాని నిలబడి ఉంది. పెద్దలు వద్దంటున్నా వచ్చి కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. సెగకు నుదుటి బాసికం వంకరపోయింది.

"నిజంగ హీటరే!" అంది. చీర కొంగుతో వాడి కాటుక తుడిచి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

లక్ష్మీరాజం ఇంజను ఆపాడు. వెనక్కి తిరిగాడు.

"నూకినమా?"

"నూకలే," అంది స్వరాజ్యలక్ష్మి. తలుపు తీసి, "పాయె, గిర్ని పాయె," అని దిగింది.

అప్పుడే పెళ్లి చేసే అయ్యగారు గుమ్మంలోకి వచ్చి అరిచాడు. "పుస్తెలు ఎవరి దగ్గరున్నయి?"

పుస్తెలు పోశమ్మ చేతిసంచిలో ఉన్నాయి. పోశమ్మ ఎక్కడో ఎండలో ఉరుకుతోంది. టైము పదకొండు ఇరవై. అక్కను తేవడానికి లక్ష్మీరాజం తాళం తిప్పాడు. కారు పలకలేదు. మళ్లీ తిప్పాడు. ముజీబ్ బానెట్ వైపు కాకుండా ఆకాశం వైపు చూశాడు. జనమంతా పెళ్లికొడుకు వెంట లోపలికి పోయారు, నూకడానికి ఒక్క మనిషి లేడు.

స్వరాజ్యలక్ష్మి అటు చూసింది, ఇటు చూసింది. కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులు డిక్కీకి ఆనించింది.

"పందెం హాలు దాంకనే. గిది లెక్కల రాదు. ముజీబూ, నిలవడి సూస్తవేంది, పట్టు! నువ్వు గేరెయ్యవయ్యా!"

ఇద్దరూ నూకారు. కారు దగ్గింది, తుమ్మింది, అందుకుంది. వాళ్లను ఎక్కించుకుందామని లక్ష్మీరాజం బ్రేకు మీద కాలు పెట్టబోయాడు.

"ఆపకు!" అంటూ స్వరాజ్యలక్ష్మి చెప్పులు చేత పట్టుకుని వెనక ఉరికింది. "ఆపినవంటే మల్ల ఎవలు నూకుతరు? తలుపు తియ్యి, నేనే దుంకుత!"