మాట్లాడరాదూ

నేను ఒక రేకు బోర్డును. పాలకొల్లు బస్టాండు వెనక సందులో, తాతబ్బాయి టీ హోటల్లో, పొయ్యికి ఎదురుగోడ మీద ఉంటాను. మనుషుల నోళ్ళు మూయించడానికి నన్ను తయారుచేశారు. పుట్టిన దగ్గర్నుంచీ నేను చేసింది మాత్రం వాళ్ళ మాటలు వినడమే.

అంతకుముందు నేను నూనె డబ్బాకు ఒక పక్కను. ఆ రోజుల గురించి చెప్పుకోదగ్గ జ్ఞాపకాలు లేవు: లోపలివైపు జిడ్డు, బయటివైపు ఎండ. డబ్బా ఖాళీ అయ్యాక తాతబ్బాయి నన్ను కత్తిరించి, సుత్తితో సాపుచేసి, పెయింటరు దగ్గరికి పట్టుకెళ్ళాడు. అవి ఎన్నికల రోజులు. ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కాలో తేల్చుకోలేక ఇద్దరు ఖాతాదారులు అతని హోటల్లో గ్లాసులు పగలగొట్టుకున్నారు. ఆ సంగతి ఢిల్లీకి తెలియలేదు. గాజుపెంకులు ఊడ్చింది తాతబ్బాయి.

"రాజకీయాలు మాట్లాడరాదు అని రాయండి. ఈదిలోంచి కనపడాలి, ఆయ్," అన్నాడు.

ఆ పెయింటరు సినిమా గోడల మీద రాసి చెయ్యి తిరిగినవాడు. చివరి అక్షరానికి ఒక తోక తగిలిస్తే తప్ప అతనికి పని పూర్తయినట్టు ఉండదు. 'దు' కొమ్మును అలాగే సాగదీసి, ముచ్చటగా ఒక వంపు తిప్పాడు. రంగు ఆరేసరికి అది 'దూ' అయి కూర్చుంది.

నన్ను గోడకు కొట్టిన పొద్దున మొదట చదివింది డేవిడ్రాజు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. "రాజకీయాలు మాట్లాడరాదూ..." అని రాగం తీసి, "ఏమయ్యా తాతబ్బాయ్, వద్దంటున్నావా, బతిమాలుతున్నావా? కాసేపు కూర్చోరాదూ, ఓ ముద్ద తినరాదూ అన్నట్టుంది" అన్నాడు. హోటలంతా నవ్వింది. తాతబ్బాయి కూడా నవ్వి, నన్ను దింపకుండా వదిలేశాడు.

ఆ నవ్వు నన్ను చాలాకాలం కలవరపెట్టింది. ఒక్క దీర్ఘంతో నేను రెండుగా చీలిపోయాను. నాలో వద్దనేవాడు ఒకడున్నాడు, అడుక్కునేవాడు ఇంకొకడున్నాడు. గోడమీద ఊరికే ఉండి మనుషుల్ని చూడగా చూడగా, వాళ్ళలోనూ ఇద్దరేసి ఉంటారని తెలిసింది. "నాతో మాట్లాడకు" అన్న మనిషి ఆ తర్వాత ఎంతసేపు లేవకుండా కూర్చుంటాడో నాకు తెలుసు.

డేవిడ్రాజుకు జోడీ పల్లంరాజు, రైసుమిల్లు గుమాస్తా. ఒకే బడిలో చదువుకున్నారు. రోజూ పొద్దున ఒకే బల్ల దగ్గర ఎదురుబొదురు కూర్చుని, ఒకడు అవునన్నదాన్ని రెండోవాడు కాదనేవాడు. పల్లంరాజు కరెంటు చార్జీల గురించి అరిచేవాడు. వింటే దేశం మునిగిపోతోందనిపించేది. ఇంట్లో భార్య గదిలోంచి కదలగానే ఫ్యానాపేసే మనిషి అతను, ఆ సంగతి ఆమె ఎక్కడ కనిపెడుతుందోనని అతని దిగులు. డేవిడ్రాజుకు క్రికెట్ వేలంపాట అంటే మంట. "గేదెల సంతలో పాడినట్టు మనుషుల్ని పాడటం ఏంట్రా?" అనేవాడు. వయసులో ఉన్నప్పుడు జిల్లా జట్టు ఎంపికకు వెళ్ళి, తన పేరు పిలుస్తారని సాయంత్రం దాకా నిలబడి వచ్చిన కథ ఒకసారి నోరుజారి చెప్పాడు. మళ్ళీ చెప్పలేదు. ఇక తాతబ్బాయి, నన్ను రాయించిన ఆసామి, గ్యాసు బండ ధర పెరిగిన ప్రతిసారీ ప్రధానమంత్రి మీదికి టీ గరిటె ఝళిపించేవాడు. అభిప్రాయం అనేది మనిషి తన భయానికి తొడిగే చొక్కా అని నాకు అనిపిస్తుంది. అది విప్పమని ఎవర్నీ అడగకూడదు.

వానాకాలంలో డేవిడ్రాజుకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి కానీ, మాట తిరిగి రాలేదు. బుర్రలో అన్నీ ఉన్నాయి, నాలుక మీదికి రావడం లేదు. నలుగురిలో కూర్చోబెట్టమనీ, తనంతట తాను ప్రయత్నించకపోతే ఆ నాలుక అలాగే బిగుసుకుపోతుందనీ భీమవరం డాక్టరు చెప్పాడట. భార్య సలోమి పొద్దున్నే చెయ్యి పట్టుకుని హోటలుకు తీసుకురావడం మొదలుపెట్టింది.

"ఇంట్లో 'ఊ' అని కూడా అనటంలేదు అన్నయ్యగారూ," అని పల్లంరాజుతో చెప్పుకుంది. "నోరు తెరవాలంటేనే సిగ్గుపడిపోతున్నారు."

డేవిడ్రాజును చూసి తాతబ్బాయి గుండె నీరైంది. వాదనలకు మాస్టారి బీపీ పెరుగుతుందని భయపడి, బ్లేడుతో నా చివరి తోకను గీకేశాడు. "ఇయ్యాల్టినించీ నిజంగానే మాట్లాడొద్దండి బాబూ," అని అందరికీ చెప్పాడు. ఆ విధంగా జీవితంలో మొదటిసారి నేను తప్పులేని బోర్డునయ్యాను. ఖాతాదారులు బుద్ధిగా నా మాట విన్నారు. అంత విధేయత నేనెప్పుడూ కోరుకోలేదు. పొయ్యిమీద టీ మరిగే చప్పుడు, గ్లాసులు కడిగే చప్పుడు. హోటలు ఆసుపత్రి వరండాలా తయారైంది.

అన్నిటికంటే ఘోరం, పల్లంరాజు మర్యాద. "ఒంట్లో ఎలా ఉందండీ? మందులు సరిగా వేసుకుంటున్నారా అండీ?" పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒరే అని పిలిచినవాడు ఇలా అడుగుతుంటే, డేవిడ్రాజు కళ్ళు గ్లాసులోకి దిగిపోయేవి. నాకు పైనుంచి కనపడేది. ఆ 'అండీ' ఆయన్ని రోజురోజుకూ కొంచెం కొంచెంగా పాతిపెడుతోంది.

ఒకరోజు పల్లంరాజు చేతిలో కరెంటు బిల్లుతో వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. కాసేపు ఆపుకున్నాడు. ఇక వల్లకాలేదు.

"చూశావా తాతబ్బాయ్? ఎందుకు పెరగదు బిల్లు? రాత్రిపూట ఆ మేచ్‌లున్నాయే, అవి తాగేస్తున్నాయి మన కరెంటంతా! స్తంభానికి వందేసి లైట్లు! పగలు ఆడుకోండ్రా అని ఢిల్లీలో ఒక్క సంతకం పెడితే మన బిల్లు సగానికి దిగిపోద్ది. పెట్టరు! ఈ క్రికెట్ పిచ్చోళ్ళ ఓట్లు పోతాయని భయం!"

డేవిడ్రాజు గ్లాసు బల్లకు తగిలి చప్పుడైంది.

"నీ..."

అందరూ అటు తిరిగారు. వంకరపోయిన పెదవి వణుకుతోంది. మెడ నరాలు లేచాయి.

"నీ... మొ... మొహం."

పొయ్యిమీద పాలు పొంగి మంటలో పడ్డాయి, తాతబ్బాయి చూడలేదు. గుమ్మం దగ్గర సలోమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పల్లంరాజు ఒక్క ఊపున లేచాడు.

"ఏంట్రా? ఏమన్నావురా? మళ్ళీ అను! వెధవా, ఇంకోసారి తిట్టరా నన్ను!" అరుస్తున్నాడు, కళ్ళనీళ్ళు కారుతున్నాయి.

ఇదంతా వైద్యం కోసం కావాలనే చేశానని పల్లంరాజు తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. అతను స్నేహితుడి జబ్బును ఆ కాసేపు మరిచిపోయాడు, అంతే. జాలి చెయ్యలేనిది ఆ మరుపు చేసింది.

డేవిడ్రాజుకు మాత్రం తృప్తి కలగలేదు. తిట్టు తిట్టే, జవాబు కాదు. అంపైరులా వేలెత్తి అందర్నీ ఆగమన్నాడు.

"జ..."

"జంతికలా మేష్టారండీ?" తాతబ్బాయి సీసా మూత తీశాడు.

వేలు కోపంగా ఊగింది. "జ... న..."

"జనమా? జనం ఏం చేశార్రా?" అన్నాడు పల్లంరాజు.

"జన... రే... టర్!"

"జనరేటరు!" సలోమి కేకేసింది. "ఆ లైట్లు జనరేటరు మీద వెలుగుతాయంట అన్నయ్యగారూ! మన కరెంటు కాదంట!"

తాతబ్బాయి గరిటె పట్టుకునే దండం పెట్టాడు, ఎవరికో తెలియదు. నా వెనక మేకు మీంచి ఏదో బరువు జారినట్టయింది. నా మీద రాసినదాన్ని ఇన్నాళ్ళకు పూర్తిగా కాదన్నారు, ప్రాణం తేలికపడింది.

పల్లంరాజు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కూర్చుని, బల్లమీదికి వంగాడు.

"సరే, జనరేటరే అనుకో. మరి అందులో డీజిలెక్కడిదిరా? మీ పెరట్లో నూతిలోదా?"

డేవిడ్రాజు గ్లాసు పక్కకు జరిపి, ఊపిరి తీసుకుని, నోరు తెరిచాడు. ఈసారి ఎవరూ మాట అందించలేదు. అందరం ఆగాం.