మంచాలు మారిన పూట

"ఏడు," అన్నాను. ఆయన ఏడ్చాడు.

తప్పు ఆయనదీ కాదు, నాదీ కాదు, తెలుగు అంకెది. ముప్పై మంచాల మగవాళ్ళ సర్జరీ వార్డులో నేను రోగుల్ని మంచం నంబరుతోనే పిలుస్తాను. ఇరవై ఏళ్ళ అలవాటు. నా గొంతు ఈ చివర నుంచి ఆ చివరికి మైకు లేకుండా వెళ్తుంది. కిటికీ పక్కనున్న పెద్దాయన, డాక్టరే ఏడవమంటున్నాడంటే ఇక మిగిలిందేముందని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏడవమనలేదండీ, మీ మంచం నంబరు ఏడు," అని సిస్టరు సర్దిచెప్పింది.

మంచానికి వేలాడుతున్న ఫైలు చూశాను. పిత్తాశయంలో రాళ్ళు తీసి ఐదు రోజులు, అంతా సవ్యం. "బాగుంది. మధ్యాహ్నం ఇంటికెళ్ళొచ్చు," అన్నాను. పెద్దాయన ఆ కన్నీళ్ళతోనే నవ్వాడు.

తలుపు పక్కన ఎనిమిది. ఫైల్లో గజ్జల్లో హెర్నియా, ఎప్పుడైనా పేగు ఇరుక్కునే ప్రమాదం. "రేపు పొద్దున కోత. రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా వద్దు," అన్నాను. ఆ మంచం మీది నలభై ఏళ్ళ మనిషి నా వంక చూశాడు, పెద్దాయన వంక చూశాడు, "అలాగే సార్," అన్నాడు. ఆ దుప్పటి ఒక్కసారి తీసి చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చూడలేదు. రోగిని చూడటమంటే ఫైలు చూడటమే అనుకునే రోగం నాది.

గంట తర్వాత ఆ ఎనిమిదో మంచం మనిషి ఒక చేత్తో కడుపూ ఒక చేత్తో గోడా పట్టుకుని నా గదికి వచ్చాడు. వస్తూనే తలుపు దగ్గరగా వేశాడు.

"నేను దర్జీని సార్. ఐదు రోజుల కిందట మీరు కుట్లు వేసింది నాకే." చొక్కా ఎత్తి చూపించాడు. నా కుట్టు నేను గుర్తుపట్టాను. ముఖమే గుర్తు లేదు.

"నిన్న సాయంత్రం నేనూ, ఇప్పుడు ఏడులో ఉన్న బాబాయ్ మంచాలు మార్చుకున్నాం. తలుపు పక్క నుంచి స్ట్రెచర్ వెళ్ళినప్పుడల్లా బాబాయ్ వణికిపోతున్నాడు. వాళ్ళన్నయ్య గుండె ఆపరేషనుకి అలా వెళ్ళి తిరిగి రాలేదంట. నాది ఎలాగూ అయిపోయింది కదాని కిటికీ ఆయనకిచ్చేశా. ఫైళ్ళు కూడా మార్చాలని మాకేం తెలుసు."

కోయాల్సిన మనిషిని ఇంటికి పొమ్మని కాగితం మీద సంతకం కూడా పెట్టేశాను. దారిలో పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది.

"వెళ్ళిపోయాడా?" అంటూ లేచాను.

"ఎలా వెళ్తాడు సార్, ఆయన చొక్కా నా దగ్గరుంటే? గుండీలు వదులయ్యాయి బాబాయ్, బిగిస్తానని విప్పించా. ఐదూ తెంపేసి మళ్ళీ కుడుతున్నా. మూడయ్యాయి."

నా గుండె ఆగబోయింది, ఆయన గుండీలు నిలబెట్టాయి.

"ఆ మాట అప్పుడే వార్డులో చెప్పొచ్చుగా?"

"చెప్తే మీరు అక్కడే, కోత నీకు కాదు, ఆయనకి అని అరిచేవాళ్ళు." ఆ మాటలో కోపం లేదు. "ఆయన చొక్కా లేకుండానే పారిపోయేవాడు. మేం గుడ్డకి కత్తెర పెట్టేముందు చేత్తో ఒకసారి నిమురుతాం సార్. ముడత పోతుంది. మనిషికీ అంతేగా."

ఫైలు పట్టుకొచ్చిన సిస్టరు గుమ్మంలో ఆగి, "డాక్టరుగారు నోరు మూసుకుని వినడం నా సర్వీసులో ఇదే మొదలు," అంది.

వార్డులో పెద్దాయన తువ్వాలు కప్పుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాను. ఆయన హడలిపోయాడు. డాక్టరు కూర్చున్నాడంటే మంచి వార్త కాదని వార్డంతటికీ తెలుసు.

"పొద్దున చెప్పింది వేరేవాళ్ళ సంగతి. తప్పు నాది," అన్నాను మెల్లిగా. నా గొంతులో అంత చిన్న సైజు ఉందని నాకే తెలియదు. "మీకు ఆపరేషను కావాలి."

ఆయన సంచి దగ్గరికి లాక్కున్నాడు. ఆయన చేతి మీద చెయ్యి వేసి నిమిరాను. ఆయనే, "మా అన్నకి చేసిందేనా?" అన్నాడు.

"కాదు. ఇది గుండె జోలికే పోదు."

"మీరే చేస్తారా బాబూ?"

"నేనే."

"గది తలుపు దాకా ఇతను వస్తాడా?" అని నా వెనకే వచ్చిన దర్జీని చూపించాడు.

"వస్తా బాబాయ్. ఈ రెండు గుండీలూ కానియ్," అన్నాడు దర్జీ.

మర్నాడు స్ట్రెచర్ పక్కన దర్జీ తన కడుపు తను పట్టుకుని నడిచాడు. నలభై నిమిషాల పని. పేగు గులాబీ రంగులో నిక్షేపంగా ఉంది. దాన్ని చూశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. సాయంత్రం పెద్దాయన కళ్ళు తెరిచి, "అయిపోయిందా? నేనింకా భయపడటానికి కూడా కుదరలేదే," అన్నాడు.

అప్పుడు వార్డు మధ్యలో నిలబడి అందరికీ విప్పి చెప్పాను. వీళ్ళిద్దరూ మంచాలు మార్చుకున్నారు, ఫైళ్ళు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి, నేను మనిషి ముఖం చూడకుండా మంచానికి వైద్యం చేశాను, దర్జీ లేకపోతే పెద్దాయన ప్రాణానికి ముప్పు వచ్చేది, ఇక మీదట పేరు అడిగి, ముఖం చూసి గానీ నోరు విప్పను అని.

మూడో మంచం మీది లారీ డ్రైవరు లేచి కూర్చున్నాడు.

"అయితే డాక్టరుగారూ, సిగరెట్లు మానేయమన్నది కూడా వేరేవాళ్ళకేనా?"

"అది నీకే నాయనా," అని అతని దగ్గరికి వెళ్ళి ముందు పేరడిగాను. ఆ సాయంత్రం వార్డు తిరగడానికి రెండు గంటలు పట్టింది. ఎవరి రోగాలు వాళ్ళవే అని తేలింది.